మట్టి తోడు

ఎండలకు పొలాల్లో సూక్ష్మజీవులన్నీ చచ్చిపోయాక, ఇంటింటా బతికున్న మట్టిని కుండలో పెట్టి పెరుగు తోడులా కాపాడుకుంటున్నారు. తొలకరికి ఆ తోడు కలిపితేనే చేను మొలిచేది.

చిట్టెమ్మ కుండ మూత తీస్తే వాన వాసన గుప్పుమనేది. ఆమె తోడికోడలు నాగరత్నం కుండలో ఉత్త దుమ్ము. ఒకే ఊరు, ఒకే ఎండ, దాని మట్టికే ఎందుకంత పొగరో! కడుపుమంట ఆపుకోలేక, ఒక పొద్దున నాగరత్నం వెళ్లి చిట్టెమ్మ కుండలో మరిగే ఎసరు పోసేసింది.

మధ్యాహ్నం చిట్టెమ్మ ఏడుస్తూ వచ్చింది.

“నా మట్టి చచ్చిపోయిందక్కా! మొన్న నీకు చెప్పకుండానే నీ కుండలో పిడికెడు కలిపాను, నీ చేనూ మొలవాలని. అందులోంచి కాస్త తోడివ్వవూ?”

నాగరత్నం మూత తీసి చూసి, గభాలున మూసేసింది.

“నాదీ చచ్చిపోయిందే” అంది.

అప్పటికే ఇల్లంతా వాన వాసన.