మూడో వరస

"ఈ సీటు మీద ఏదీ బిగించొద్దు జై. ఇది ముడిస్తేనే కదా వెనక్కి పోయేది," అంది నాగమ్మ కొడుకుతో, బండి ఎడమ తలుపు దగ్గర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నిలబడి.

జై మొన్ననే కొన్న ఏడు సీట్ల బండి అది. ముందు రెండు, మధ్య మూడు, వెనక రెండు. తన కవలలకని తెచ్చిన పిల్లల సీట్లు రెండూ ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

"ఒకటి ఈ తలుపు పక్కన పెడితే ఎక్కించడం సుళువని అంటాది కౌశల్య," అన్నాడు జై. కౌశల్య అతని భార్య.

"అట్లా పెడితే సీటు ముడుచుకోదు. మూడో వరసలోకి మనిషి ఎట్లా పోతాది? డిక్కీలోంచి పాకుతాదా? రెండూ అటు తొయ్యి. ఒకటి నీ వెనక, ఒకటి మధ్యన. ఈ తలుపు పక్కన నేను. వదిన ముందు ఎక్కి వెనక్కి పోతాది, ఆ తర్వాత నేను కూర్చుంటా. బస్."

వదిన అంటే వియ్యపురాలు, కౌశల్య తల్లి రంగమ్మ. అవతలి దీవిలోని సెయంగంగా చెరకు పొలాల నుంచి పడవెక్కి, బస్సెక్కి, సువాలో కూతురింటికి వచ్చి పదిహేను రోజులైంది. ఆ పదిహేను రోజులూ నాగమ్మకి సరిగ్గా నిద్ర లేదు.

ఎలా ఉంటుంది మరి? పుట్టినప్పటి నుంచి ఆ పిల్లల్ని పెంచింది నాగమ్మ. పాలు పట్టింది, నలుగు పెట్టింది, పళ్ళొచ్చే జ్వరాలకి భుజాన వేసుకుని తిరిగింది. ఈవిడ ఉత్త చేతులతో వచ్చి ఎదురుగా కూర్చుని, తన తల్లి నేర్పిన తెలుగు జోలపాట ఒకటి ఎత్తుకుంటే చాలు, ఇద్దరూ నాగమ్మ చంకలోంచి అటు దూకుతారు. పుట్టినూరు రారవాయిలో చిన్నప్పుడు నాగమ్మకీ వచ్చేవి ఆ పాటలు. సువా చేరాక హిందీ మాట్లాడీ మాట్లాడీ మొదటి ముక్క తప్ప అన్నీ పోయాయి. రంగమ్మ గొంతు విప్పినప్పుడల్లా నాగమ్మకి కడుపు భగ్గుమనేది. పైకి మాత్రం "ఎంత బాగా పాడతావు వదినా" అనేది.

ఆ మంట మీద జై ఇంకాస్త నూనె పోశాడు. నటబువాలో జై వాళ్ళన్నయ్య ఇంటికి వెళ్ళి, మర్నాడు గుడిలో పిల్లలకి పుట్టువెంట్రుకలు తీయించాలి. ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టి తీయించాలన్న మాట వస్తే, "ఎవరి దగ్గర ఏడవకుండా ఉంటే వాళ్ళ ఒళ్ళో" అనేశాడు. తన కొడుకు, తన వంశం, తన మనవలు. గుండు మాత్రం ఇంకొకావిడ ఒళ్ళో. ఊళ్ళో నలుగురూ చూస్తుంటే తను పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడాలి.

సువా నుంచి నటబువా నాలుగు గంటల దారి. ఆ దారి పొడుగునా పిల్లలకి తన మొహమే కనబడాలి, రంగమ్మ మొహం కనబడకూడదు. చిన్నపిల్లలు, కనబడని మనిషిని ఎంతసేపు గుర్తుంచుకుంటారు? నాగమ్మ ఎత్తు అదీ.

"అమ్మా, షాపులో ఆమె ఏం చెప్పిందంటే, ఏడాది నిండని పిల్లలకి బిగించే తీరు వేరే..."

"తీరులు నువ్వు చూసుకో బేటా. ఎటుపక్క అన్నది నేను చెప్పేసినాను."

"అత్తయ్యకి వెనక ఇరుకవుతాదేమో."

"ఇరుకేంటి? ఇద్దరి చోటులో ఒక్క మనిషి. కాళ్ళు చాపుకుని రాణీలాగ పోతాది."

వరండా మెట్టు మీద కూర్చుని రంగమ్మ అంతా వింటూనే ఉంది. "నాకెక్కడైనా ఠీక్ వదినా. క్యారియర్ లారీ వెనక చెరకు కొట్టే మనుషులతో నిలబడి పోయినదాన్ని," అంది.

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నాగమ్మ అనుకోలేదు. కాస్త మూతి ముడుచుకున్నా బాగుండేది. గెలిచిన సంతోషం సగం అక్కడే పోయింది.

దారిలో తినడానికి బారాలు, అదే పప్పు వడలు, వేయించాలని లోపలికి వెళ్ళింది. బయట బెల్టులు బిగిస్తున్న చప్పుడు, మధ్యమధ్య కౌశల్య నవ్వు వినబడుతున్నాయి. కాసేపటికి రంగమ్మ వంటింట్లోకి వచ్చింది.

"ఎక్కి చూసి వచ్చినా వదినా. వెనక బాగానే ఉంది."

"గాలి ఆడతాదా?" మాటవరసకి అడిగింది నాగమ్మ.

"అంత ఆడదు. పర్వాలేదు, నాకు అదే చాలు."

నాగమ్మకి పాపం అనిపించింది. గెలిచినవాళ్ళకి జాలి ఎక్కువ కదా. రెండు బారాలు ఎక్కువేసి వియ్యపురాలికి వేరే పొట్లం కట్టింది.

బయల్దేరేవేళకి సువా వాన పట్టుకుంది. కౌశల్య అటు తలుపు నుంచి పిల్లలిద్దరినీ సీట్లలో కట్టేసి, తను ముందు కూర్చుంది. జై గొడుగు పట్టుకుని ఇటు సీటు ముడిచాడు. రంగమ్మ ఒంగి, ఎక్కడా తట్టుకోకుండా మూడో వరసలోకి జారిపోయింది. జై సీటు మళ్ళీ నిలబెట్టి, "రా అమ్మా, ఇక నీదే," అన్నాడు.

నాగమ్మ దర్జాగా ఎక్కింది. తడిసిన కొంగు పిండుకుని, సంచీ కాళ్ళ దగ్గర సర్దుకుని, అలవాటు లేని బెల్టుతో కాసేపు కుస్తీ పట్టింది. బండి గేటు దాటింది. వెనక నుంచి జోలపాట మొదలైంది. పాడుకోనీ, గాలిలో పాడుకోనీ అనుకుంటూ, దాచి తెచ్చిన గిలక్కాయ తీసి ఆడిస్తూ మనవల కేసి తిరిగింది.

ఆడించే చెయ్యి అలాగే ఆగిపోయింది.

"జై, ఇదేంటి ఇట్లా బిగించినావు?"

"చిన్నపిల్లలకి ఇట్లానే అంట అమ్మా. చెప్పబోతే నువ్వే వద్దంటివి."

కవలలిద్దరూ కిలకిలా నవ్వారు. రంగమ్మ రెండో చరణం ఎత్తుకుంది.

పిల్లల సీట్లు రెండూ మూడో వరస కేసి తిరిగి ఉన్నాయి.