పడవలో రెండో సీటు

“బ్యాటరీలు తెమ్మని ఓర్విల్ కొట్టుకి పంపిస్తే, అవి మర్చిపోయి అక్కడి పాత సామాన్ల అరలోంచి ఈ ఇనపముక్క మోసుకొచ్చావు. ఇంట్లో ఉన్న పద్నాలుగూ చాలలేదా?” అంది సిగ్రిడ్, కూర గిన్నె బల్ల మీద పెడుతూ.

“ఇనపముక్క కాదు, గాలానికి తంగూసు చుట్టే రీలు,” అన్నాడు ఆర్విడ్.

“కర్ట్ కొనిచ్చిన కొత్త రీలు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. వాడి ముందైనా కాస్త సిగ్గుపడు.”

కర్ట్ ఆర్విడ్ కొడుకు. తల్లి పోయిన ఆరేళ్లకి తండ్రి సిగ్రిడ్‌ని పెళ్లాడి తెచ్చుకుంటే, పిన్నీ అంటూ ముందు కలిసిపోయింది వాడే. గురువారం రాత్రుళ్లు భార్య డెల్లాతో ఇక్కడికే భోజనానికి వస్తాడు.

“నీ కొత్తది మంచిదేరా,” అన్నాడు ఆర్విడ్. “చేతిలో ఉన్నట్టే ఉండదు. తిప్పితే చప్పుడు లేదు. కానీ లోపల ఏం జరుగుతోందో నాకు తెలియనివ్వదు. పాడైతే విప్పేందుకూ లేదు. పారేసి ఇంకోటి కొనుక్కోవాలి.”

“నీలా మరలు విప్పుతూ కూర్చునే ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది నాన్నా?”

“ఈ రీలు వాడినవాడికి ఉంది,” అన్నాడు ఆర్విడ్.

మాట అక్కడికి వచ్చేసరికి అందరికీ శనివారం గుర్తొచ్చింది. ఆ రోజు తెల్లవారుజామున సరస్సు మీద వాల్‌ఐ చేపల వేటకి ఆ ఏటి అనుమతి మొదలవుతుంది. నలభై ఒక్క ఏళ్లుగా ఆర్విడ్ ఒక్కసారీ తప్పలేదు. పడవలో రెండో సీటు ఎప్పుడూ గిల్మన్‌ది. మోకాళ్లు అరిగిపోయి గిల్మన్ ఈ చలికాలంలో అరిజోనాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. మంచు కరిగి పది రోజులైనా కాని నీళ్లలోకి అరవై ఏడేళ్ల మనిషిని ఒంటరిగా పంపేది లేదని కర్ట్ పడవ తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు. వాడికేమో శనివారం డ్యూటీ. తోడు దొరకాలి, లేదా ఈ ఏడాదికి వేట లేదు.

“మా ఆఫీసు ట్రెంట్ వస్తానన్నాడుగా. వద్దన్నావెందుకు?” అన్నాడు కర్ట్.

“వాడి రీలు చూశాను. చలికాలమంతా డ్రాగ్, అదే తంగూసుని పట్టి ఉంచే బిగింపు, బిగించే ఉంచాడు. వాడటం అయిపోగానే బిగింపు వదులు చెయ్యకపోతే లోపలి బిళ్లలు అణిగిపోతాయి. ఆ తర్వాత పెద్ద చేప లాగితే తంగూసు సాఫీగా వదలదు, పుటుక్కున తెగుతుంది. మనిషి చెప్పే మాట నేను నమ్మను. వాడి రీలు చెప్పేది నమ్ముతాను.”

“అయితే అత్తయ్యని తీసుకెళ్లండి మామయ్యా,” అంది డెల్లా. “శనివారం వేట, ఆదివారం మదర్స్ డే. రెండూ ఒకే వారాంతంలో తెచ్చిపెట్టినవాడు ఖచ్చితంగా మగాడే.”

ఆర్విడ్ నవ్వాడు. “మీ అత్తయ్య వస్తే కాఫీకి లోటుండదు.”

సిగ్రిడ్ కూడా నవ్వి అతని కప్పులో కాఫీ పోసింది.

“అంత గొప్పేముందో దాంట్లో?” అంది. “రంగు కూడా పోయింది.”

ఆర్విడ్‌కి కావలసింది ఆ ప్రశ్నే. పళ్లెం పక్కకి జరిపి, పాత కాగితం పరిచి, రీలు మూత విప్పాడు.

“ఈ మరల గాట్లు చూడు. ఎన్నిసార్లు విప్పి బిగించారో! అయినా ఒక్కటీ చెదరలేదు. సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరే వాడాడు. లోపల గ్రీజు కూరలేదు, పల్చటి నూనె వేశాడు. మే నెల చలికి గ్రీజు గడ్డకడుతుందని తెలిసినవాడు. ఇత్తడి చక్రం పళ్లన్నీ ఒకే తీరుగా అరిగాయి. చేప లాగుతుంటే తను లాగడు, ఊరుకుంటాడు. చేప అలిశాక తిప్పుతాడు.” అతని గొంతు తగ్గింది. “గిల్మన్‌కి కూడా ఇంత నిదానం లేదు.”

కర్ట్ ముందుకి వంగి చూశాడు. మొదటిసారి వాడు కొత్త రీలు మాట ఎత్తలేదు.

“ఎవరో పోయుంటారు. ఇంట్లోవాళ్లు సామాను వదిలించుకున్నారు,” అంది సిగ్రిడ్.

“కాదు. తంగూసు కొత్తది. ఈ వసంతంలోనే చుట్టారు, అదీ ఒక్క మెలిక లేకుండా. మనిషి బతికే ఉన్నాడు. ఈ చుట్టుపక్కలే ఉన్నాడు.”

“మరి అంత ప్రాణంగా చూసుకున్నవాడు అమ్ముకోవడం ఎందుకో?”

ఆర్విడ్ మూత బిగించి, పిడి మీద వేళ్ల రాపిడికి నునుపుదేలిన చోట తన బొటనవేలు ఆనించాడు. అది అతని వేలికి కాస్త ఇరుకుగానే ఉంది.

“వెంట తీసుకెళ్లేవాళ్లు లేక అయ్యుంటుంది,” అన్నాడు. “నా గతీ అదేగా.”

“ఓర్విల్‌ని అడక్కపోయావా నాన్నా, ఎవరిదో?”

“అడిగాను. చెప్పొద్దన్నారట. నవ్వి ఊరుకున్నాడు.”

ఆర్విడ్ రీలుని చేతిరుమాలులో చుట్టాడు. చుట్టడం పూర్తయ్యాక తలెత్తి, ముగ్గురినీ చూస్తూ మెల్లగా చెప్పాడు.

“ఇదిగో, అందరూ వినండి. నేను నిర్ణయించేసుకున్నాను. ఈ రీలు ఎవరిదైనా సరే, ముక్కూమొహం తెలియకపోయినా సరే, శనివారం రెండో సీటు ఆ మనిషిదే. ఒట్టు. తెల్లారగానే ఓర్విల్ కాళ్లు పట్టుకునైనా పేరు కనుక్కుంటాను.”

కర్ట్ జేబులోంచి తాళంచెవి తీసి తండ్రి పళ్లెం పక్కన పెట్టాడు.

“అయితే శనివారం నాలుగింటికి లేపు, ఆ రీలు నాది,” అంది సిగ్రిడ్.