ఉంచదగిన చెట్టు

"చుట్టుకొలత తొమ్మిది అడుగులు." జగన్నాధం టేపు చుట్టేశాడు. "పొగడ కదూ? వయసెంత ఉంటుంది?"

"నూరేళ్లు దాటుంటాది. కొలిసి ఏటి లాభం బాబూ? ఎలాగూ కొట్టేస్తారు," అన్నాడు దాలయ్య.

దాలయ్య విజయనగరంలో ఆ పార్కుకు ముప్పయ్యేళ్లుగా తోటమాలి. మార్కెట్ షెడ్ల కోసం చెట్లు తీసేస్తారని 1969 వేసవి నుంచీ అనుకుంటున్నారు. ఈలోగా రెండు పనసలు, ఒక నేరేడు పోయాయి. అతను రాయించిన అర్జీలకు జవాబు లేదు. ఇక ఎవరినీ అడగడం మానేశాడు. పాత చెట్లను గుర్తించి పటంలోకి ఎక్కించడం తన ఉద్యోగమంటూ జగన్నాధం వచ్చినప్పుడు కూడా అతనికి ఆశ పుట్టలేదు.

"వయసొక్కటే చాలదు. జనానికి పనికొచ్చే చెట్టయితేనే ఉంచమని రాస్తాను. దీని కింద ఎవరు కూర్చుంటారు?"

దాలయ్య తల దించుకున్నాడు. "ఎవరూ కూసోరు బాబూ."

"అయితే నేను చేసేదేం లేదు." జగన్నాధం పటంలో పొగడను కొట్టేయబోయాడు.

"ఆగండి బాబూ! మా అల్లుడు కూసుంటాడు. పోతురాజని, మన్యంలో బడిపంతులు. సెప్పొద్దన్నాడు గానీ... మంగళారం పొద్దుగూకే ఏళకి వస్తాడు. సదువుకున్నోళ్లు నలుగురైదుగురు సేరతారు. పుస్తకాలు సదువుకుని మాటాడుకుంటారు."

"ఇంటికి రాడా?"

"వచ్చి నాలుగు నెల్లయింది. తీరిక నేదంటాడు. మా నీలవేణికి ఇప్పుడు ఏడో నెల. అదీ ఇక్కడికే వచ్చి మొగుణ్ణి సూసుకుంటాది." దాలయ్య పొగడ మానుమీద చెయ్యి వేశాడు. "ఈ సెట్టు పోతే ఆళ్లిద్దరూ కలిసే సోటే నేదు."

జగన్నాధం పటంలో పొగడ చుట్టూ సున్నా చుట్టాడు.

"రేపు మంగళవారమే కదా. మావాళ్లను తీసుకొస్తాను. కళ్లారా చూస్తే మాటకు బలం ఉంటుంది. అందరూ ఉండేలా చూడు. మేం వస్తున్నట్టు మాత్రం చెప్పకు, మొహమాటపడి రారు."

"సెప్పను బాబూ. ఒక్కడు కూడా తగ్గకుండా సూస్తాను."

దాలయ్య చేతులు జోడించాడు. జగన్నాధం వెళ్లగానే బావిలోంచి రెండు కడవలు తోడి పొగడ మొదట్లో పోశాడు. కూతురితో చెప్పడానికి గబగబా ఇంటిదారి పట్టాడు. చెట్లు కొట్టడం మొదలయ్యాక అతను అంత తేలిగ్గా నడవడం అదే మొదటిసారి.

పార్కు మలుపులో జగన్నాధం పోలీసు జీపు ఎక్కాడు.