ఆపలేని మెయిల్

మెయిల్ వెళ్ళిన మరుక్షణమే లియావ్‌కు పై ప్రాణం పైనే పోయింది.

తప్పంతా భోజనాల వేళ వచ్చిన ఫోన్‌ది.

"కొత్త మెయిల్ సర్వర్లు ఆగనే ఆగవంటారుగా. మీ చేత్తో డిస్కులు పీకి చూపించండి, నమ్ముతాను" అంది జనరల్ మేనేజర్ మేడమ్ షెన్, తైపే వెళ్ళే రైల్లోంచి.

ఇరవై రెండేళ్ళ సర్వీసున్న సెక్షన్ చీఫ్‌తో అనే మాటేనా అది! లియావ్‌కు ఒళ్ళు మండింది. బల్ల కింద చేతికందిన ప్లగ్గు పీకి కెటిల్ పెట్టుకున్నాడు. ఊలాంగ్ టీ తాగినా కోపం చల్లారలేదు. స్నేహితుడికి మెయిల్ కొట్టాడు. 'సైకిల్ తొక్కడం రాని మనిషి పెడళ్ళ కంపెనీ నడుపుతోంది. నాకు పరీక్ష పెడుతుందట!'

స్నేహితుడి ఇంటిపేరూ షెన్నే. మెయిల్ మేడమ్‌కు పోయింది.

మేడమ్ చదివిందంటే ఉద్యోగం ఊడినట్టే. సర్వర్లు చూసే యిజెన్‌ని అడిగితే చిటికెలో తీసేస్తుంది. కానీ తీసేముందు చదువుతుంది. సాయంత్రానికి క్యాంటీనంతా చదువుతుంది.

మిగిలింది ఒకటే దారి. మేడమ్ మూడింటికి రైలు దిగి మెయిల్ తెరిచేలోగా ఆ సర్వర్లను పడుకోబెట్టాలి.

దొంగలా సర్వర్ గదిలో దూరాడు. డిస్కుల పెట్టె మీద ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ నిలబడి ఉంది. అది ఉన్నంతకాలం మిషన్లు బుద్ధిగా పనిచేస్తాయని అక్కడివాళ్ళ నమ్మకం. గడువు తేదీ చూసి మరీ పెట్టించింది లియావే.

ఒక డిస్కు పీకాడు. దాని జత డిస్కు పని అందుకుంది. ఇంకోటి పీకాడు. దాని జతా అంతే. ఏది దేనికి జతో యిజెన్‌కే తెలుసు. ఒక సర్వర్‌ని ఆపేశాడు. రెండోది తడుముకోకుండా నడిచింది. దాని బీరువాకు తాళం. ఏది పోయినా మెయిల్ ఆగకూడదని పట్టుబట్టి ఇదంతా పెట్టించిందెవరు? ఈ మహానుభావుడే.

చివరికి ఆ ప్యాకెట్ చించి తినేశాడు. కొబ్బరి రుచి. పచ్చదీపాలు మాత్రం అలాగే వెలుగుతున్నాయి.

"సార్!"

గుమ్మంలో యిజెన్. లియావ్ చేతిలో డిస్కు, నోటి నిండా చిరుతిండి.

"పరీక్ష ఇంత త్వరగా మొదలెట్టేస్తారనుకోలేదు సార్! డిస్కు పోయిందని నా ఫోన్ మోగితే పరిగెత్తుకొచ్చి అద్దంలోంచి చూశా. మీరే! వెంటనే మేడమ్‌కి చెప్పేశా."

"ఏ... ఏమంది?"

"మురిసిపోయారు. అయ్యో, ప్యాకెట్ కూడా తినేశారా? అది లేకపోయినా నడుస్తుందని చూపించేశారన్నమాట!"

లియావ్ నోట్లోది కష్టం మీద మింగాడు. "యిజెన్, ఇవాళ మేడమ్‌కు మెయిళ్ళు... చేరుతున్నాయా?"

"అదే చెప్పబోతున్నా. మీరు తిడతారని ఇన్నాళ్ళూ దాచాను సార్. ఈ పరీక్ష అయ్యేదాకా తన మెయిల్ కొత్త సర్వర్లలోకి మార్చొద్దన్నారు మేడమ్. అది మీ బల్ల కింది పాత మిషన్‌లోనే ఉంది. ఇక మార్చెయ్యమన్నారు కదా అని ఇప్పుడే వెళ్ళి చూద్దును కదా, ఎవరో దాని ప్లగ్గు పీకేసి కెటిల్ పెట్టుకున్నారు. మళ్ళీ ప్లగ్గు పెట్టానో లేదో, మధ్యాహ్నం నుంచి ఆగిపోయిన మెయిళ్ళన్నీ ఒక్కటి పోకుండా ఆవిడకు చేరిపోయాయి సార్!"