మారిన వాక్యం

"అన్నయ్యా, ఇవాళ్టి వాక్యం మార్చాను. కీర్తన వద్దు. మత్తయి పద్నాలుగు, పేతురు నీళ్ల మీద నడిచిన భాగం చదవండి," అన్నాడు పాస్టరు, తడిసిన గొడుగు దులిపి మూలన పెడుతూ.

గడియారాలు బాగుచేసే పెద్దాయన గుండెలో రాయి పడింది.

"ఇప్పుడా అయ్యగారూ? రాత్రి ఆరాధనకి అయిదు నిమిషాలు కూడా లేదు."

"అయితే ఏంటి? మీకేమన్నా కొత్తా? ఏ పేజీ తీసిచ్చినా మంచినీళ్లు తాగినట్టు చదివేస్తారు."

"కీర్తనే బాగుంటుందేమో. అసలే వాన..."

"వానకీ కీర్తనకీ సంబంధం ఏంటన్నయ్యా!" పాస్టరు నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి ఆయన మొహంలోకి చూశాడు. "ఒంట్లో బాలేదా? పోనీ, టీచరమ్మ చేత చదివించనా?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. పెద్దాయన నోరు తెరిచాడు.

"ఆవిడెందుకు? నేనే చదువుతా."

పాస్టరు ఆ పేజీలో రిబ్బను పెట్టిచ్చి వెళ్లిపోయాడు. పక్కగదిలో పెద్దాయన ఒక్కడే మిగిలాడు. జేబులోంచి భూతద్దం తీసి పేజీ మీద ఆనించాడు. మసిగుడ్డతో తుడిచిన పలకలా ఉంది. ఏడాది నుంచీ అంతే. దుకాణంలో గడియారానికి సెల్లు మార్చడం వరకు వేళ్లతో తడిమి చేసేస్తాడు. పెద్ద రిపేరు వస్తే "పార్టులు రావట్లేదమ్మా" అని తిప్పి పంపేస్తాడు. ఆదివారం చదవాల్సిన భాగాన్ని పక్క జిరాక్సు షాపు అమ్మాయి ఫోనులో పెట్టిస్తుంది. నిద్ర పట్టడానికని ఆమెతో చెప్పాడు. వారమంతా విని, విని, కామాలతో సహా కంఠతా పట్టి వస్తాడు.

ఈ వారం పట్టింది కీర్తన.

ఇంట్లో ఆయన మాట్లాడితే బదులు పలికే మనిషి లేదు. వాక్యం చదివే ఈ ఏడు నిమిషాలే ఆయన గొంతు నలుగురి చెవిన పడేది. ఇది కూడా టీచరమ్మకి ఇచ్చేస్తే ఆయనకి ఆదివారానికీ సోమవారానికీ తేడా ఏముంటుంది?

"ప్రభువా, వీళ్ల ముందు నా పరువు తీయకు. ఈ ఒక్కసారికి గట్టెక్కించు," అనుకున్నాడు.

పాట అయిపోయింది. అలవాటైన తొమ్మిది అడుగులు వేసి వేదిక మీది బల్ల దగ్గర నిలబడ్డాడు. బయట వాన. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. రిబ్బను పట్టుకుని పుస్తకం తెరిచి, తల వంచి, కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిస్తే ఆ మసక చూసి ఉన్న మాట కూడా మరిచిపోతాడు.

చిన్నప్పుడు సండేస్కూల్లో విన్నదంతా కూడదీసుకుని మొదలుపెట్టాడు. పడవ. ఎదురుగాలి. నాలుగో జామున నీళ్ల మీద నడిచి వస్తున్న ప్రభువు.

బెంచీల్లో ఏదో కదలిక. గుసగుస. తప్పు చదివానా? పట్టేశారా? గొంతు పెంచి ముందుకు సాగాడు. గుసగుస ఆగిపోయింది. తరవాత గదంతా ఎంత నిశ్శబ్దమైందంటే, ఇన్నేళ్లలో ఎప్పుడూ తన చదువు వాళ్లు ఇంత శ్రద్ధగా వినలేదనిపించింది. అది మరీ భయపెట్టింది.

పేతురు పడవ దిగాడు. నీళ్ల మీద నడిచాడు. గాలిని చూసి భయపడ్డాడు. మునగసాగాడు.

అక్కడ ఆగిపోయాడు పెద్దాయన.

మునిగేటప్పుడు తనని రక్షించమని పేతురు వేసిన కేక పసిపిల్లలకి కూడా తెలుసు. ఆయన నాలుకకే ఆ మాట అందలేదు. డెబ్భై ఏళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు మరి. జ్వరమొస్తే తలుపేసుకుని పడుకున్నాడు. రోడ్డు దాటడానికి ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. ప్రార్థనలో కూడా ఇచ్చినవాటికి వందనాలే గానీ, చెయ్యి చాపింది లేదు. ఇందాక అడిగింది కూడా పరువు కోసమే.

బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఎవరూ అందించలేదు.

"ప్రభువా," అన్నాడు లోపల. ఈసారి పరువు సంగతి ఎత్తలేదు. "నా వల్ల కాదు. పట్టుకో."

కళ్లు తెరవకుండానే తల ఎత్తాడు.

"నన్ను క్షమించండి," అన్నాడు పైకి. "నాకు కనబడటం లేదు. ఎవరైనా వచ్చి మిగతాది చదవండి."

ముందు బెంచీలోంచి టీచరమ్మ నవ్వింది.

"మాకు మాత్రం కనబడుతోందా అన్నయ్యా! మీరు మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే కరెంటు పోయింది. కన్ను పొడుచుకున్నా కానరావట్లేదు. చీకట్లో ఎలా చదువుతున్నారా అని ఊపిరి బిగబట్టి వింటున్నాం!"

"కొవ్వొత్తి వెతకబోయి నేనూ అలాగే నిలబడిపోయానన్నయ్యా," అన్నాడు పాస్టరు. "ఇంతదాకా ఎక్కడా తడుముకోలేదు మీరు. వాక్యం గుండెలో ఉన్నవాడికి దీపంతో పనేముంది!"

వెనక బెంచీల్లోంచి ఎవరో "హల్లెలూయ" అన్నారు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. చప్పట్లు కూడా మొదలయ్యాయి.

చిన్నగా నవ్వి దిగిపోతే సరిపోయేది. ఎవరికీ అనుమానం రాదు. నెల రోజులు ఆయన గురించే చెప్పుకుంటారు. వచ్చే ఆదివారానికి వాక్యం ఎలాగూ ముందే చెబుతారు.

పెద్దాయన చప్పట్లు ఆగేదాకా ఆగాడు. తరవాత పాస్టరు గొంతు వినబడిన వైపు చెయ్యి చాపాడు.

"అయ్యగారూ, కాస్త నా చెయ్యి పట్టుకోండి. కరెంటు పోయిందని మీరు చెబితేనే తెలిసింది నాకు."