శనివారం అజ్ఞాత

"మళ్ళా వచ్చిండు అంకుల్, వాడు!"

ఆసిఫ్ చాయ్ గ్లాసులు బల్ల మీద పెట్టి స్క్రీను వైపు వంగాడు. జస్టిన్ తలెత్తలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. ఆయన బ్లాగులో టపా పెట్టి చాయ్ తెచ్చేంత సేపే అయింది, కింద అప్పుడే కామెంటు పడింది. పేరుండాల్సిన చోట 'అజ్ఞాత' అని ఉంది.

"అబద్ధాలు రాయకు. ఇప్పపూల గంప అవ్వను ఉత్తగ ఎక్కించుకోలే నువ్వు. టికెట్ కొట్టినవ్. ఇంటికొచ్చి అన్నం తినకుంట పండుకున్నవ్."

"ఏంది అంకుల్ గిది? మీ అంత పెద్దమనిషిని నువ్వు గివ్వు అనుడేంది?"

"అననియ్ బిడ్డా. టికెట్ కొట్టింది నిజమే కదా."

జస్టిన్ ఆ కామెంటును మరోసారి పైకి చదువుకుని, చల్లారిన చాయ్ తాగి, టేకులపల్లి బస్సుకు లేచాడు.

ఇల్లందు రూట్లో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పోయినేడు ఆయన భార్య జోజమ్మ చనిపోతే మట్టికి ఆసిఫ్ కూడా వెళ్ళాడు. చిన్నప్పుడు ఆసిఫ్‌కు సూదులేసిన నర్సు ఆమె. సూది కంటే ఆమె మాటే ఎక్కువ గుచ్చుకునేదని దవాఖానాకు వెళ్ళిన పిల్లలందరికీ తెలుసు. ఆ తరువాత ముసలాయన ఊరికే కొత్తగూడెం బస్టాండులో కూర్చోవడం చూసి, పాపమనిపించి, ఎదురుగా ఉన్న తన నెట్ సెంటరుకు పిలుచుకొచ్చి బ్లాగు తెరిచి ఇచ్చింది ఆసిఫే. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మారే పేజీ చూపించాడు. 'నా బస్సు కథలు' అని పేరు కూడా తనే పెట్టాడు.

అప్పట్నుంచి ప్రతి శనివారం జస్టిన్ వస్తాడు. రెండు వేళ్ళతో ఒక కథ కొడతాడు. అది పూర్తికాగానే "ఓ చాయ్ తేరాదు ఆసిఫూ" అంటాడు. ఆసిఫ్ రోడ్డు దాటి వెళ్ళి తెచ్చేలోగా ఆ అజ్ఞాత ఊడిపడతాడు. మెచ్చుకునే నాథుడు ఒక్కడూ లేడు గాని, తిట్టడానికి వీడొకడు తయారు!

ఆసిఫ్‌కు కడుపు మండిపోయింది. బ్లాగర్లకు పనికొచ్చే సామాను నెట్‌లో ఎంత దొరికితే అంత తెచ్చి చూపించాడు. కామెంట్లు ముందు మనం చదివి, నచ్చితేనే వేసుకునే ఏర్పాటు ఒకటి. ఫలానా మాటలుంటే ఆపేసే జల్లెడ ఇంకొకటి.

"వద్దులే" అన్నాడు జస్టిన్ అన్నిటికీ.

"మీకు రోషం లేదా అంకుల్?"

"కందకు లేని దురద కత్తిపీటకేంది?"

ఆ పైవారం కామెంటు మరీ దగ్గరికొచ్చింది. "షుగరున్నోడివి, పకోడీ పొట్లం ముందర పెట్టుకొని ఏం రాస్తవ్? జేబుల గోలీ ఉంది, ముందుగాల అది మింగు."

ఆసిఫ్ గబుక్కున చుట్టూ చూశాడు. బల్ల మీద నిజంగానే పకోడీ పొట్లం ఉంది. ఎవడో కనిపెట్టి చూస్తున్నాడు. జస్టిన్ మాత్రం జేబు తడుముకుని గోలీ మింగి, నీళ్ళు తాగాడు.

ఆ సాయంత్రమే, ఆయనకు చెప్పకుండా, బ్లాగు అడుగున సందర్శకుల లెక్క చూపే కౌంటరు తగిలించాడు ఆసిఫ్. ఎవరు ఏ కనెక్షను నుంచి వచ్చారో నంబరుతో సహా చెబుతుందది. మరుసటి శనివారం చూస్తే, కామెంటు పడ్డ సమయానికి బ్లాగు మీద ఉన్నది ఒకే నంబరు. అది తన సెంటరుదే. అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

జస్టిన్ పక్క క్యాబిన్‌లో ప్రతి శనివారం కూర్చునేది సుకుమార్. డిపోలో పనిచేసినప్పుడు జస్టిన్ మీద పిటిషన్లు పెట్టినవాడు. ఆసిఫ్ అడిగేశాడు.

"గా కామెంట్లు రాసేది నువ్వేనా అన్నా?"

"నేను బిడ్డకు సంబంధాలు చూసుకుంటున్న భాయ్. తెలుగు కొట్టుడే రాదు నాకు."

దొరికిన దొంగ ఒప్పుకుంటాడా? ఆసిఫ్ ఆ రాత్రే పేరు లేనివాళ్ళు కామెంటు పెట్టకుండా తలుపు మూసేశాడు. చాలా రోజుల తరువాత హాయిగా నిద్రపోయాడు.

శనివారం వచ్చింది. జస్టిన్ కథ కొట్టాడు. చాయ్ అడిగాడు. ఆసిఫ్ తిరిగొచ్చేసరికి మౌసు పట్టుకుని పేజీని పైకీ కిందికీ తిప్పుతున్నాడు.

"కింద డబ్బా ఏమాయె ఆసిఫూ?"

"మూసేసిన అంకుల్. ఇగ వాని పీడ పోయింది."

సంతోషిస్తాడనుకున్నాడు. ముసలాయన ముఖం పాలిపోయింది. చాయ్ ముట్టుకోలేదు. మట్టి రోజు గోడకానుకుని కూర్చున్నప్పుడు కూడా ఇంత దిక్కులేనివాడిలా కనిపించలేదు. ఆసిఫ్‌కు భయమేసింది.

"తెరువు."

"అంకుల్..."

"దండం పెడ్త, తెరువు బిడ్డా. వారమంత దీని కోసమే ఉంట."

"తిట్టించుకునేటందుకా?" ఆసిఫ్‌కు కోపమూ ఏడుపూ కలిసొచ్చాయి. "వాడు ఎక్కడున్నడో నాకెరుక. మన సెంటర్లనే కూసోని రాస్తున్నడు. సుకుమారే! ఇయ్యాల మెడవట్టి బయటికి గెంటుత!"

"సుకుమార్‌ను ఏమనకు. పాపం, ఆయనకేం తెల్వదు."

"మరి ఎవరు? మీకెరుకేనా?"

జస్టిన్ కళ్ళద్దాలు తీశాడు. ఈసారి తుడుచుకోలేదు.

"జోజమ్మ పోయినంక ఆ తిట్లు నేనే రాసుకుంటున్న బిడ్డా."