మేస్త్రీ కలిపే ఫోను

నిన్న సాయంత్రం ఫోనులో తనతో నవ్వుతూ మాట్లాడిన తల్లి ఎప్పుడో చనిపోయిందని, దినాలు కూడా అయిపోయాయని తాయమ్మకు గుంటూరు మిరప చేలో తెలిసింది. తమ ఊరు కోసిగి నుంచి ఆ పొద్దే సుగ్గి పనికి వలస వచ్చిన చిన్నమ్మ చెప్పింది.

"రాలేనని నువ్వే ఫోన్లో అంటివి కదమ్మే! నీ గొంతే చెవులారా ఇంటిమి."

తాయమ్మ కాయల బుట్ట పారేసి, కూలీలకు రోజూ ఇంటి ఫోను కలిపే గుంపు మేస్త్రీ ఉరుకుందప్ప చొక్కా పట్టుకుంది.

"ఎవర్రా మాట్లాడింది?"

అతను విడిపించుకోలేదు.

"మనుషుల గొంతు దించే మిషనుతో నేనే మాట్లాడించినా, అక్కా. మేస్త్రీలందరూ చేసేదే. సావు కబురు తెలిస్తే గుంపంతా పీనుగు మీద మన్నెయ్యను ఊరికి పోతారు. కాయ ఎవరు తెంపల్ల? పోయేముందు మీయమ్మ నీతో మాట్లాడల్లని ఏడ్చె. ఆయమ్మకూ మిషన్నే కలిపినా."